లేచిపోయిన ఈగ, పారిపోయిన ఈగ: పెరటి పెట్టెలో గుంపు నిలవాలంటే

తణుకు దగ్గర పెరట్లో రెండు తేనెపెట్టెలు పెట్టుకున్న మిత్రుడి ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెబుతాను. ఆయనవి రెండూ మన దేశవాళీ పుట్టతేనె ఈగలే, ఎనిమిది ఫ్రేముల (పట్టు కట్టుకునే చెక్క చట్రాల) పెట్టెలు. ఒకటి పోయిన సెప్టెంబరులో పూర్తిగా ఖాళీ అయింది. రెండోది సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకి సగం ఈగతో లేచిపోయి పక్కింటి మునగచెట్టు మీద వాలింది. బుట్ట తెచ్చేలోపే అక్కణ్ణించీ వెళ్ళిపోయింది. మిగిలిన సగంలోంచి వారం తిరక్కుండానే ఇంకో గుప్పెడు పోయింది. "వారం వారం రాణి గదులు (కొత్త రాణులు పెరిగే గదులు) కోస్తూనే ఉన్నానండీ, అయినా ఆగలేదు. రాణి రెక్క కత్తిరించమంటారా, గుమ్మానికి క్వీన్ గేటు (చిన్న ఈగలు దూరి, రాణి దూరలేని జాలీ) పెట్టమంటారా, లేక ఈ జాతే ఇంతా? ఇటాలియన్ ఈగలకి మారిపోనా?" అని అడిగారు.

నేను కడియం పక్కన పద్దెనిమిదేళ్ళుగా ఈగల్ని పెంచుతున్నాను, ఇప్పుడు పద్నాలుగు పెట్టెలున్నాయి. మొదటి మూడేళ్ళు మీరు చేసినవన్నీ నేనూ చేశాను, గేటుతో సహా. "మా ఈగ లేచిపోయిందండీ" అని వీధిలో చెబితే నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళే.

ముందొక సంగతి తేల్చుకుందాం. మీ రెండు పెట్టెలకీ వచ్చిన జబ్బు ఒకటి కాదు. సెప్టెంబరులో ఖాళీ అయినది లేచిపోలేదు, పారిపోయింది. పట్టుల మీద సాలెగూడులాంటి దారాలున్నాయని మీరే రాశారు, అది మైనపు పురుగు. వానాకాలంలో పూత లేక, లోపల తిండి లేక, చీమలూ మైనపు పురుగూ పీడిస్తే పుట్ట ఈగ రాణితో సహా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. వెనక ఒక్క ఈగ ఉండదు, పిల్ల (గదుల్లో పెరిగే గుడ్లూ పురుగులూ) ఉండదు, తేనె చుక్క ఉండదు. దానికి మందు వేరు: జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి సాయంత్రం పూట పంచదార పాకం, స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, ఈగ కప్పని పాత పట్టులు తీసేసి కరిగించడం. ఇక్కడితో దాన్ని వదిలేస్తాను.

జనవరిలో పోయినదే అసలు లేచిపోవడం. అది కరువు వల్ల జరగదు, కలిమి వల్ల జరుగుతుంది. పాత రాణి సగం ఈగని, ఒక్కోసారి సగం కన్నా ఎక్కువని, వెంటేసుకుని బయటికి పోతుంది. వెనక పిల్ల ఉంటుంది, తేనె ఉంటుంది, రాబోయే కొత్త రాణుల గదులుంటాయి. ఇల్లు చాలక పెద్దావిడ వేరు కాపురానికి వెళ్ళి, పాత ఇల్లు కూతురికి వదిలేసినట్టు. ఈగల జాతి పెరిగేదే ఇలాగ. అందుకే దీన్ని పూర్తిగా ఆపడం నా వల్లా కాదు, మీ వల్లా కాదు. చేయగలిగింది ఒకటే: అవి వేరు పడాలని నిర్ణయించుకునే ముందే మనం వేరు పెట్టడం. రాణి గదులు కనపడ్డాక కత్తి పట్టుకుంటే అప్పటికే ఆలస్యం.

ఎందుకు ఆలస్యమో చెప్పాలంటే రోజుల లెక్క తెలియాలి. గుడ్డు మూడు రోజులు గుడ్డుగానే ఉంటుంది. తర్వాత అయిదు రోజులు పురుగు, దానికి కూలి ఈగలు తెల్లటి పాలు పోస్తాయి. ఎనిమిదో రోజుకి గది మూత పడుతుంది. పదిహేనో పదహారో రోజుకి కొత్త రాణి బయటికొస్తుంది. పాత రాణి కూతురు పుట్టేదాకా ఆగదు. మొదటి గదికి మూత పడగానే, వాతావరణం బాగుంటే ఆ రోజో మర్నాడో బయలుదేరుతుంది. అంటే గదిలో గుడ్డు పడిన రోజు నుంచి మీ చేతిలో ఉన్నది వారం. మీరు ఆదివారం ఆదివారం చూస్తున్నారు, మధ్యలో ఒక వారం పెళ్ళికని మానేశారు. ఆ వారమే చాలింది. పైగా ఒక్క గది కళ్ళు కప్పినా కోసిన పది గదులూ దండగే.

పుట్ట ఈగకి పట్టు మీద నిలకడ ఉండదు. ఫ్రేము ఎత్తగానే కిందికి పరుగెత్తి అడుగంచున గుత్తిలా వేలాడతాయి. రాణి గదులుండేది సరిగ్గా అక్కడే. ఆ గుత్తిని మెత్తటి బ్రష్షుతో పక్కకి తోసి చూడకపోతే లోపలి గది కనపడదు. పొగ ఎక్కువ పెడితే ఇంకా బెదురుతాయి. కొబ్బరిపీచు పొగ గుమ్మం దగ్గర ఒకటి, మూత తీశాక ఒకటి, చాలు.

గదులు కోయడంలో ఇంకో పెద్ద గొయ్యి ఉంది, అందులో నేను పడ్డాను. మూడో ఏడు ఫిబ్రవరిలో ఒక పెట్టె తెరిచి, అడుగంచున ఉన్న తొమ్మిది గదులు శుభ్రంగా కోసి, గెలిచానని మూత పెట్టాను. పాత రాణి రెండు రోజుల ముందే వెళ్ళిపోయిందని నాకు తెలియదు. అది వెళ్ళిన మధ్యాహ్నం నేను ఊళ్ళో లేను. కొత్త రాణి పుట్టే దారి నా చేత్తోనే మూసేశాను. ఇరవై రోజుల తర్వాత చూస్తే ఒక్కో గదిలో మూడు నాలుగు గుడ్లు, కొన్ని గోడలకి అతుక్కుని. కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెట్టాయన్నమాట. వాటికి మగసంతానం తప్ప పుట్టదు. ఆ పెట్టె మరి కోలుకోలేదు. అప్పట్నించీ నాకొక నియమం: రాణి కనపడాలి, లేదా నిలువుగా నిలబడి ఉన్న ఆ రోజు గుడ్డు కనపడాలి. రెండూ కనపడకపోతే ఒక్క గది కూడా కోయను.

సరే, ముందే ఎలా కనిపెట్టాలి? నేను పెట్టె తెరవడానికి ముందు గుమ్మం ముందు నేల చూస్తాను. పుట్ట ఈగల్లో పోతుటీగ (మగ ఈగ) గదుల మూత మామూలు మూతలా ఉండదు. శంఖం మొనలా లేచి, నడిమధ్య సూదితో గుచ్చినట్టు ఒక చిల్లు ఉంటుంది. పోతులు బయటికొచ్చే ముందు పైన మైనం కూలి ఈగలు గీకేస్తాయి, లోపలి గట్టి టోపీ ఊడి కింద పడుతుంది. ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, గోధుమరంగు, మధ్యలో చిల్లున్న చిట్టి టోపీలు అడుగుపలక మీదో, గుమ్మం ముందు మట్టిలోనో కనపడ్డాయంటే ఆ పెట్టె పెళ్ళి ఏర్పాట్లలో ఉన్నట్టు. పోతులు ముందు తయారవుతాయి, రాణులు తర్వాత. ఇక్కడ నాకు మామిడి పూత మీదున్నప్పుడు కనపడతాయి. ఆ టోపీలు చూసిన రోజునే క్యాలెండరులో గీత పెడతాను. అక్కణ్ణించి మీకు రెండు మూడు వారాలుంటాయి. పెట్టె తెరవకుండా దొరికే ఇంతకన్నా నమ్మకమైన గుర్తు నాకు తెలియదు.

లోపల చూడాల్సినవి: పట్టు అడుగంచున తలకిందులుగా పెట్టిన ప్రమిదల్లాంటి చిన్న గిన్నెలుంటాయి. ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు, బలమైన పెట్టెలో అవి ఎప్పుడూ ఉండేవే. వాటిలో గుడ్డుగానీ, మీగడలాంటి పాలలో తేలే పురుగుగానీ ఉంటే అప్పుడు గంట మోగినట్టు. ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయన్నది కూడా చూడండి. అంచుల వెంట అయిదారు పైన ఉంటే లేచిపోయే గదులు. పట్టు మధ్యలో ఒకటో రెండో ఉంటే ముసలి రాణిని మార్చుకుంటున్నాయి, వాటి జోలికి పోకండి. రెండోది, పిల్ల ఉండాల్సిన గదుల్లో తేనె మెరుస్తోందా? అలా ఉంటే రాణికి గుడ్డు పెట్టడానికి చోటు లేదు, పాలిచ్చే పడుచు ఈగలకి పని లేదు. పని లేని చేతులే రాణి గదులు కడతాయి. సాయంత్రం గుమ్మం బయట గడ్డంలా వేలాడటం మాత్రం ఒక్కటే చూసి నమ్మకండి, మార్చి ఉక్కకి ఏ పెట్టె అయినా అలా చేస్తుంది.

ఇరుకు అంటే చోటు ఒక్కటే కాదు. రాణి ఒంటి వాసన ఒక ఈగ నుంచి ఇంకో ఈగకి నాకుళ్ళతో అందుతూ పోతుంది. "అమ్మ ఉంది" అన్న కబురది. జనం కిక్కిరిసినా, రాణి ముసలిదైనా ఆ కబురు అందరికీ చాలినంత చేరదు. అందుకే ఏడాది దాటిన రాణి ఉన్న పెట్టె కొత్త రాణి ఉన్నదాని కన్నా ముందు లేస్తుంది. నా దగ్గర ప్రతి పెట్టె మూత లోపల రాణి పుట్టిన నెల పెన్సిలుతో రాసి ఉంటుంది. ముసలి రాణులవే ముందు విడదీస్తాను.

విడదీసే దాకా చోటిచ్చి కాలం జరపవచ్చు. ఎనిమిది ఫ్రేముల్లో ఏడు ఈగ కప్పిందంటే పైన తేనె అర (తేనె దాచుకోవడానికి పైన పెట్టే పెట్టె) వెయ్యాలి, ఎనిమిదోది నిండేదాకా ఆగకూడదు. పుట్ట ఈగ పైకి ఎక్కడానికి మొరాయిస్తుంది. దానికి నేను చేసే పని: కొత్త పట్టు ముక్క ఒకటి, కాస్త తేనె ఉన్నది, పై ఫ్రేముకి అరటినారతో కట్టి పెడతాను. రెండు రోజుల్లో నారని కొరికి పారేస్తాయి, పట్టు అతుక్కుపోతుంది, దాని వెంట మిగతా ఈగ పైకొస్తుంది. కింద అరలో నల్లబడిన పట్టు ఉంటే తీసి, పిల్ల ఫ్రేముల మధ్య ఒక్క ఖాళీ ఫ్రేము పెట్టండి. పూత బాగున్నప్పుడు పడుచు ఈగలకి కట్టుకోవడానికి పని దొరుకుతుంది. ఒక్కటే, రెండు కాదు. పిల్ల చెదిరిపోతే వెచ్చదనం చాలదు. ఇంకొకటి, మీరు జనవరిలో కూడా పాకం పోస్తున్నానన్నారు. మామిడి, మునగ, కొబ్బరి పూసి ఉండగా పాకం దేనికండీ? అది పిల్ల గదుల్ని నింపేస్తుంది. లేచిపొమ్మని కట్నం ఇచ్చినట్టే.

ఇక విడదీయడం. అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, మిగతావన్నీ దీనికి ముందూ వెనకా సర్దుళ్ళు. గదుల్లో గుడ్డో పురుగో కనపడి, ఇంకా ఏదీ మూత పడకుండా ఉన్నప్పుడు చేస్తే చక్కగా కుదురుతుంది. ఎండ ఉన్న రోజు పొద్దున పదీ పదకొండు మధ్య, పొలం ఈగ (మేతకి తిరిగే ఈగ) బయటికి పోయి ఉన్నప్పుడు తెరవండి. పక్కన ఖాళీ పెట్టె. రాణి ఉన్న ఫ్రేము వెతికి పట్టుకుని, ఈగతో సహా ఆ కొత్త పెట్టెలో దించండి. ఆ ఫ్రేము మీద రాణి గది ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే అది కోయాల్సిందే. దానికి తోడు మూతపడిన పిల్ల ఉన్న ఫ్రేము ఒకటి, తేనె, పుప్పొడి ఉన్నది ఒకటి. ఇంకో ఫ్రేము మీది ఈగని కూడా అందులో దులపండి, ఎందుకంటే ఎగరడం వచ్చిన ఈగంతా సాయంత్రానికి పాత చోటికే తిరిగిపోతుంది. కొత్త పెట్టె పెరటికి అవతలి మూల పెట్టి, గుమ్మం రెండు ఈగలు పట్టేంత సన్నం చేయండి. రాణి దృష్టిలో తను లేచిపోయినట్టే: ఇల్లు మారింది, పొలం ఈగ లేదు, చోటుంది. ఆ ఊపు చల్లారి మళ్ళీ గుడ్లు పెట్టడంలో పడుతుంది. పొలం ఈగ లేదు కాబట్టి మర్నాటి సాయంత్రం నుంచి ఓ వారం దానికి పాకం ఇవ్వండి, పంచదారా నీళ్ళూ సమానంగా. పగలు పోస్తే, కింద ఒలికితే పక్క పెట్టె వచ్చి దోచుకుంటుంది.

పాత చోట ఉన్న పెట్టెకి ఇప్పుడు రాణి లేదు, పొలం ఈగంతా ఉంది, గదులున్నాయి. ఇక్కడే మీకు రెండో దెబ్బ తగిలింది. అన్ని గదులూ వదిలేస్తే మొదట పుట్టిన రాణి ఇంకో గుంపుతో పోతుంది, తర్వాతది మరో గుంపుతో. పెట్టె గుల్లవుతుంది. అందుకని పాలలో లావాటి పురుగు తేలుతున్న గదిని ఒకదాన్ని ఎంచుకుని, ఫ్రేము పైన డ్రాయింగ్ పిన్ను గుచ్చి గుర్తు పెట్టుకోండి. మిగతావి కోసేయండి. ఆ ఫ్రేముని దులపకూడదు, పడుకోబెట్టకూడదు, గది లోపలి పురుగు దెబ్బతింటుంది. మూతపడినదాని కన్నా తెరిచి ఉన్నదాన్నే నేను ఎంచుకుంటాను, లోపల ప్రాణం ఉందని కంటితో చూస్తాను కాబట్టి. అయిదారు రోజుల తర్వాత ఒకసారి తెరిచి, కొత్తగా కట్టిన గదులుంటే తీసేసి, పిన్ను దగ్గరి గది ఉందో లేదో చూసి మూసేయండి. ఆ తర్వాత మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కొత్త రాణి పుట్టి, వారానికి అటూఇటూగా మధ్యాహ్నం పూట పోతులతో కలవడానికి ఎగిరి, తిరిగొచ్చి గుడ్లు మొదలెట్టాలి. ఆ రోజుల్లో మధ్యాహ్నం పెట్టె తెరిచి కుతూహలం తీర్చుకుంటే రాణి ఇల్లు తెలియక దారి తప్పుతుంది. నా రెండు పెట్టెలు అలాగే పోయాయి, తప్పు నాదే.

రెండు పెట్టెలు మూడైతే తేనె తగ్గదా అని మీకు అనిపించవచ్చు. విడదీసిన రెండూ ఆ ఏడాది విడివిడిగా తక్కువే ఇస్తాయి. లేచిపోయిన పెట్టె అసలేమీ ఇవ్వదు. మూడోది వద్దనుకుంటే కొత్త రాణి గుడ్లు పెట్టాక, ముసలి రాణిని తీసేసి రెండూ మధ్యలో చిల్లులు పొడిచిన న్యూస్‌పేపరు పరిచి కలిపేయండి. మా ఊళ్ళో అయితే మూడో పెట్టె అడిగేవాళ్ళకి కొదవ లేదు.

రెక్క కత్తిరించడం గురించి: గుంపు ఆగదు. రాణి ఎగరలేక గుమ్మం ముందు గడ్డిలో పడుతుంది, చీమలు చూసుకుంటాయి. గుంపు తిరిగొచ్చి, వారం తర్వాత కొత్త రాణితో పోతుంది. మీకు మిగిలేది వారం గడువు, దానికి మంచి రాణి ప్రాణం. క్వీన్ గేటు నాలుగైదు రోజులకి, ఊరెళ్ళాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది. అంతకు మించి ఉంచితే పోతులు బయటికి దూరలేక గేటు వెనక చచ్చి గుమ్మాన్నే మూసేస్తాయి. కొత్త రాణి ఉన్న పెట్టెకి మాత్రం గేటు ఎప్పుడూ పెట్టకండి, ఆవిడ పెళ్ళికి బయటికి పోవాలి.

ఇటాలియన్ ఈగలూ లేచిపోతాయి. పుట్ట ఈగ కన్నా ఓపిక ఎక్కువ, గుంపు పెద్దది, తేనె ఎక్కువ, నిజమే. 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో ఈ విదేశీ ఈగలు మన దేశంలో నిలదొక్కుకున్నాక ఉత్తరాదిన పెద్ద వ్యాపారమైంది. కానీ అవి పూతని బట్టి పెట్టెలు లారీలో తిప్పేవాళ్ళ ఈగలు. ఈగల్నీ పిల్లనీ పట్టి పీడించే వరోవా పేను పుట్ట ఈగ మీద పుట్టిందే. మన ఈగ దాన్ని దులుపుకుని బతకడం నేర్చుకుంది, ఇటాలియన్ నేర్చుకోలేదు. మన ఈగకి జబ్బులు లేవని కాదు, 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది పుట్ట ఈగ పెట్టెల్ని ఊడ్చేసింది. అయినా రెండు పెట్టెల పెరటికి నేను పుట్ట ఈగనే చెబుతాను. కాకపోతే మొట్టమొదట లేచిపోయే పెట్టె నుంచి రాణిని పెంచకండి. ఆలస్యంగా గదులు కట్టే పెట్టెలోంచి ఎంచుకుంటూ పోతే నాలుగైదేళ్ళలో తేడా కనపడుతుంది, నాకు కనపడింది.

ఇంత చేసినా ఏదో ఒక మధ్యాహ్నం ఆకాశం గిర్రున తిరిగినట్టు రొద వినపడుతుంది. అప్పుడు పరుగెత్తకండి. గుంపు ముందు దగ్గర్లో ఏ కొమ్మ మీదో వాలుతుంది. అక్కణ్ణించి ఇల్లు వెతికే ఈగలు పోయి వచ్చి, గుంపు మీదే నాట్యం చేసి ఎటు పోవాలో చెబుతాయి. 1949లో జర్మనీలోని మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే ఈగల శాస్త్రవేత్త ఇది కనిపెట్టాడు. గుంపు మీద ఆడుతున్న ఈగల ఒంటికి మసి, ఇటుక దుమ్ము అంటి ఉండటం చూసి, ఇవి పూల నుంచి రాలేదు, యుద్ధంలో కూలిన ఇళ్ళ సందుల నుంచి వచ్చాయని గ్రహించాడు. ఆ తర్జనభర్జన తేలేదాకా, గంటో పూటో, మీకు సమయం ఉంటుంది. పొట్ట నిండా తేనె నింపుకుని బయలుదేరతాయి కాబట్టి కుట్టే కోపం తక్కువ, అయినా ముఖానికి వల వేసుకోండి. నీళ్ళు పలచగా చిలకరించి, కింద వెదురుబుట్ట పట్టి, కొమ్మని ఒక్క విదిలింపు. రాణి బుట్టలో పడిందా లేదా అన్నది ఈగలే చెబుతాయి: అంచున నిలబడి తోకలెత్తి రెక్కలు విసురుతుంటే ఉన్నట్టు, నిమ్మగడ్డి వాసన కూడా వస్తుంది. సాయంత్రం పెట్టెలో దులిపి, పక్క పెట్టెలోంచి పిల్ల ఉన్న ఫ్రేము ఒకటి ఇవ్వండి. పిల్లని వదిలి పోవడానికి మనసొప్పదు వాటికి. పక్కింటివాళ్ళకి మాత్రం జనవరిలోనే ఒక సీసా తేనె ఇచ్చి, గుంపు వాలితే కిరసనాయిలు తేవద్దు, ఫోన్ చేయండి అని చెప్పి ఉంచండి.

మీ పెట్టెలో ఇప్పుడు మిగిలినది గుప్పెడు ఈగ అన్నారు. ఆఖరి గుంపు పోయి పదకొండు రోజులైందంటే కొత్త రాణి ఈపాటికి బయట తిరిగి వచ్చి ఉండాలి. ఇంకో పది రోజులు ఆగి, పొద్దున తొమ్మిదింటికి తెరవండి. గుడ్లుంటే ఈగ కప్పని ఫ్రేములు తీసేసి నాలుగింటికి కుదించండి. వేప పూత మీకు ఇంకా ముందుంది, పుంజుకుంటుంది. గుడ్లు లేకపోతే ఫోటో పెట్టండి, పట్టు వెనక ఎండ పడేలా పట్టుకుని తీయండి, నీడలో తీస్తే గుడ్డు కనపడదు.